రకం ఖాయమయ్యాక కాదు, ఖాయం చేసేటప్పుడే పిలవండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలకు, భారత వ్యవసాయ పరిశోధన మండలి పెద్దలకు, రెండు రాష్ట్రాల రకాల విడుదల కమిటీల్లో కూర్చునే సార్లకూ మేడమ్‌లకూ,

నమస్కారం. అనంతపురం మెట్ట నుంచి రాస్తున్నాను. బుడ్డలు, అంటే వేరుశనగ, వేసే ఇంట్లో పుట్టి, బుడ్డలు వేసే ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. వ్యవసాయం డిగ్రీ లేదు, మామూలు బీఏ. ఈ లేఖలో సబ్సిడీ అడగడం లేదు, మద్దతు ధర అడగడం లేదు, వాటికి వేరే ఆఫీసులు ఉన్నాయి. అడిగేది ఒక్కటే. కొత్త విత్తన రకం ఎలా ఉండాలో తేల్చే చోట మా మాట కూడా ఉండాలి. మగవాళ్ల మాటా, ఆడవాళ్ల మాటా, విడివిడిగా. ఆ మాట మీ కాగితాల్లో మార్కులుగా ఎక్కాలి.

"రైతుల భాగస్వామ్యం ఇప్పటికే ఉంది కదమ్మా, కిసాన్ మేళాలు పెడుతున్నాం, క్షేత్ర దినోత్సవాలు చేస్తున్నాం, మినీకిట్లని చిన్న విత్తన సంచులు ఇస్తున్నాం" అని మీలో కొందరు వెంటనే అంటారు. అవన్నీ చూశాం. షామియానా, బ్యానర్, ముందు కుర్చీల్లో పాస్‌బుక్ ఉన్న మగవాళ్లు, వెనక చెట్టు కింద మేము, చివర్లో భోజనం ప్యాకెట్. ఆ రోజు మీరు చూపించే రకం అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది. పేరు పెట్టేసి ఉంటారు, కరపత్రం అచ్చయి ఉంటుంది. "ఎలా ఉంది?" అని మైకు మా మూతి దగ్గర పెడితే "బాగుంది సార్" అనడం తప్ప ఇంకేం అంటాం, భోజనం పెట్టేవాళ్ల ముందు.

ఒక రకం ఎలా పుడుతుందో మీకు నేను చెప్పడం ఏమిటి గానీ, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. రెండు రకాలను సంకరం చేస్తారు. రెండో తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది, వేల మొక్కలు. వాటిలోంచి ఏరుతూ, మళ్లీ వేస్తూ, మళ్లీ ఏరుతూ ఆరేడు తరాలు పోయాక ఒకే తీరుగా పెరిగే కొన్ని వరుసలు నిలుస్తాయి. వాటికి పరిశోధన స్టేషన్‌లో పరీక్షలు, ఆ తర్వాత అఖిల భారత సమన్వయ పథకం కింద పలుచోట్ల ఇంకా కొన్నేళ్ల పరీక్షలు, మినీకిట్లు, విడుదల కమిటీ, చివరికి 1966 విత్తన చట్టం కింద నోటిఫికేషన్. మొత్తం మీద పదేళ్ల పైమాటే. ఈ పదేళ్లలో రైతు కనబడేది దాదాపు చివరి మెట్టు మీద, ఆ మినీకిట్ దగ్గర. ఆడమనిషి అయితే అక్కడా అనుమానమే.

నా బాధ విడుదలైన రకాల గురించి కంటే, మధ్యలో పారేసిన వాటి గురించి ఎక్కువ. నాలుగో తరంలోనో ఐదో తరంలోనో, పోలిక కోసం పక్కన వేసే చెక్ రకం కంటే నాలుగు గింజలు తక్కువ కాసిందని కొట్టేసిన వరుసల్లో పశువు వదలకుండా తినే కట్టె (కాయలు తీశాక మిగిలే ఎండు మేత) ఉన్నది ఉందేమో, నలభై రోజుల బెట్టలో ఆకు ముడుచుకుని పడుకుని చినుకు పడగానే లేచి నిలబడేది ఉందేమో, ఎవరికి తెలుసు. అడిగేవాళ్లు లేరు కాబట్టి రాసినవాళ్లూ లేరు. ఒకసారి పారేస్తే ఆ వరుస మళ్లీ రాదు.

పైగా మీ స్టేషన్ మడి వేరు, మా చేను వేరు. అక్కడ అదునులో దున్నకం, సిఫారసు చేసిన మోతాదులో ఎరువు, ఎండితే ఒక తడి. ఇక్కడ పదును దొరికిన రోజున ట్రాక్టర్ దొరకదు, ట్రాక్టర్ దొరికిన రోజున పదును ఉండదు. మంచి నేలలో మొదటి వచ్చిన రకమే చెడ్డ నేలలో కూడా మొదటి వస్తుందని లేదు, ఇది మీ శాస్త్రంలోనే ఉన్న మాట. సిరియాలో ఇకార్డా అనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో బార్లీ మీద పనిచేసిన సాల్వత్తోరే చెకరెల్లి అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఇదే చెప్పి, 1990ల నడిమి నుంచి ఏరివేతను స్టేషన్ నుంచి రైతుల చేలకు మార్చాడు. వానలు తక్కువ ఉన్న చోట రైతులు పొడుగు బార్లీని ఎంచుకునేవాళ్లట, గొర్రెలకు గడ్డి కావాలి కాబట్టి, కరువు ఏడాది పొట్టిది కోతకు కూడా అందదు కాబట్టి. పొట్టిగా ఉండడమే మేలని నేర్చుకుని వచ్చిన శాస్త్రవేత్తలకు అది కొత్త పాఠం.

మా బుడ్డల దగ్గరికి వస్తాను, నాకు బాగా తెలిసినది అదే కాబట్టి.

టీఎంవీ 2 అనే రకం తిండివనం స్టేషన్ నుంచి 1940లో వచ్చింది. స్వాతంత్ర్యం రాకముందటి విత్తనం. ఆ తర్వాత ఎన్నో రకాలు వచ్చాయి, అయినా 2000 సంవత్సరం దాటాక కూడా అనంతపురం చేలల్లో ఎక్కువగా కనబడింది అదే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ రావాల్సినప్పుడు రాని వాన, దాని మీద లక్షల ఎకరాల పంట అరవై ఏళ్ల నాటి రకంతో నడిచింది. కొత్తదాన్ని తొందరగా ఒప్పుకోరని మాకు పేరు వచ్చింది. ఒప్పుకోకపోవడానికి మా లెక్కలు మాకున్నాయి. విత్తనం ఇంట్లోదే. బెట్టకు వాడుతుంది గానీ చావదు. గుత్తి రకం కాబట్టి చెట్టు పట్టుకుని లాగితే కాయలు చెట్టుతోనే వస్తాయి, నేలలో ఉండిపోవు. వీటిలో ఏ ఒక్కటైనా "క్వింటాళ్లు హెక్టారుకు" అనే గడిలో పడుతుందా చెప్పండి.

అదే జిల్లాలో, అదే మనుషుల దగ్గర, ఇంకో రకం ఒప్పించిన తీరు చూడండి. ఐసీజీవీ 91114 పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పుట్టింది. తొందరగా కాపుకు వస్తుంది, బెట్టకు ఓర్చుకుంటుంది. 2000ల మొదట్లో దాన్ని మా పల్లెల్లో రైతుల చేలల్లోనే టీఎంవీ 2 పక్కన వేయించి, రైతులనే పోల్చి చూడమన్నారు. విశ్వవిద్యాలయం వాళ్లు, ఇక్కడి స్వచ్ఛంద సంస్థల వాళ్లు కలిసి చేసిన పని. రైతులు మేలన్నాకే 2006లో రాష్ట్రంలో విడుదలైంది. మేలన్న కారణాల్లో కాయలు మాత్రమే కాదు, కట్టె కూడా ఉంది. పశుసంపద మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇల్రీ వాళ్లు మా జిల్లాలోనే పాడి పశువులకు రెండు రకాల కట్టె మేపి చూస్తే, ఈ కొత్త రకం కట్టె తిన్నవి టీఎంవీ 2 తిన్నవాటి కంటే 10 శాతం పైచిలుకు ఎక్కువ పాలిచ్చాయి.

ఆ 10 శాతం పాలు ఎవరి లెక్కలోకి వస్తాయో మీకు తెలుసు. బుడ్డలు మండీకి పోతాయి, ఆ డబ్బు అప్పుకో, ఎరువుల కొట్టుకో పోతుంది. పాలకేంద్రం డబ్బు ఇంటి ఖర్చుకు ఆడవాళ్ల చేతికి వస్తుంది. పంట పూర్తిగా పోయిన ఏడాది కూడా కట్టె వామి ఉంటే ఆవులను అమ్ముకోకుండా ఎండాకాలం గట్టెక్కుతాం. అందుకే చేను చూడగానే మగవాళ్లు ఒక చెట్టు పీకి కాయలు లెక్కబెడితే, మేము ఆకు రాలిందా నిలిచిందా చూస్తాం. ఇద్దరూ చూసేది ఒకే చెట్టును. ఇద్దరి లెక్కా సరైనదే. మీ పట్టికలో ఉన్నది మాత్రం ఒకరి లెక్కే.

ఇంకా చెబుతాను. విత్తనం కాయలు ఒలిచేది ఎండాకాలంలో ఆడవాళ్లే. మిషన్లో వేస్తే పప్పు బద్దలవుతుంది, పైపొర లేచిపోతుంది, మొలక తగ్గుతుంది. ఎకరానికి 50, 60 కిలోల గింజలు కావాలి, ఐదెకరాలు వేసే ఇంట్లో రెండున్నర మూడు క్వింటాళ్ల పప్పు చేత్తో ఒలవాలి. పెంకు మందంగా ఉన్న రకం వస్తే బొటనవేళ్లు పుండ్లు పడి, గుడ్డ పేలికలు చుట్టుకుని ఒలుస్తాం. మా అత్త రకం పేర్లు ఏవీ గుర్తుపెట్టుకోదు, కాయ రెండు వేళ్ల మధ్య నొక్కి "ఇది ఒలవనీయదు" అంటుంది, అంతే, ఆ విత్తనం మరుసటి ఏడాది మా ఇంట్లో ఉండదు. పెంకు గట్టిగా ఉంటే నిల్వలో పురుగు తక్కువ పడుతుందనేది కూడా నిజమే కావచ్చు. అలాంటి బేరం ఏదైనా ఉంటే అది మాతో కలిసి చేయాల్సిన బేరం. మీ దగ్గర తేల్చేసి మాకు సంచిలో పంపితే ఎలా?

నేను "ఆడవాళ్లు" అని ఒక ముద్దగా అనడం కూడా తప్పే, అది ఒప్పుకుని ముందుకు పోవాలి. నంద్యాల, కర్నూలు నల్లరేగళ్లలో శనగ చూడండి. ఆ చెట్ల మీద పులుపు ఊరుతుంది, కోతకు పోయిన ఆడకూలీలకు చేతులు మండి చర్మం లేచిపోతుంది. నంద్యాల పరిశోధన స్థానం నిటారుగా పెరిగే, మిషన్‌తో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ 47 రకం తెచ్చింది. పొలం ఉన్న ఇంటి ఆడమనిషికి అది వరమే, కూలీలను బతిమాలే టెన్షన్ లేదు. పొలం లేని ఆడమనిషికి చేతుల మంట తగ్గింది, దాంతోపాటు ఆ సీజన్ కూలీ కూడా తగ్గింది. ఈ ఇద్దరినీ ఒకే తివాచీ మీద కూర్చోబెట్టి "మహిళా రైతుల అభిప్రాయం" అని రాసుకుంటే కూలీ అమ్మ నోరు తెరవదు. కాబట్టి పిలిచేటప్పుడు పొలం ఉన్నవాళ్లను, కౌలుకు చేసేవాళ్లను, కూలీకి పోయేవాళ్లను వేరువేరుగా అడగండి. పత్తిలో కూడా అంతే. ఏరేవాళ్లకు కూలీ కిలోల లెక్కన వస్తుంది, కాయ చిన్నదైతే అదే పొద్దుకు తక్కువ కిలోలు, అదే వంగిన నడుము. హెక్టారుకు ఎన్ని మొక్కలు పట్టించొచ్చా అని చూసే పరిశోధనలో ఏరేవాళ్ల లెక్క ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

తిండి సంగతి ఇంకొకటి. 1964లో సీఎస్‌హెచ్ 1 వచ్చినప్పటి నుంచి హైబ్రిడ్ జొన్నలు గాదెలు నింపుతాయని చెప్పారు, గింజ ఎక్కువ కాసిందన్న మాట కూడా నిజమే. అయినా ఈ రోజుకీ యాసంగి జొన్న అంటే మాల్‌దండే. మహారాష్ట్రలోని మోహోల్ స్టేషన్‌లో 1930లలో ఏరిన ఎం 35-1 అది. రొట్టె మెత్తగా వస్తుంది, తీపిగా ఉంటుంది, చొప్ప ఎద్దులు మిగల్చవు. రొట్టె కొట్టే చేతిని మొదటే అడిగి ఉంటే ఎన్నో హైబ్రిడ్లు స్టేషన్ గేటు దాటేవి కావు. దీనికి పెద్ద లాబొరేటరీ ఏమీ అక్కర్లేదు, పెనం చాలు.

ఇక మమ్మల్ని "లబ్ధిదారులు" అని రాసేవాళ్లకు రెండు కథలు గుర్తు చేయాలనిపిస్తోంది. మొదటిది మసూరి. మలేషియా నుంచి వచ్చిన ఆ వరిని మన దగ్గర పరీక్షల్లో పెద్దగా పట్టించుకోకుండా పక్కన పెడితే, ఒక వ్యవసాయ కూలీ ఆ గింజలు తీసుకుపోయి వేసుకున్నాడని, అక్కడి నుంచి ఆంధ్ర పల్లెల్లో ఊరూరికీ చేతులు మారుతూ పాకిందని వ్యవసాయ పరిశోధన గురించి రాసేవాళ్లు చాలామంది రాశారు. ఆ కూలీ పేరు ఎవరూ రాయలేదు. తర్వాత అదే మసూరిని తల్లిదండ్రుల్లో ఒకటిగా పెట్టి మార్టేరులో స్వర్ణ చేశారు, 1982లో విడుదలైంది. అదే మసూరి రక్తంతో బాపట్లలో సాంబ మసూరి చేశారు, 1986లో విడుదలైంది. సాంబ మసూరి నంబరు పేరు బీపీటీ 5204, అది తెలియని తెలుగు ఇల్లు ఉందా? అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూడా సోనా మసూరి అని రాసి ఉన్న సంచి వెతుక్కునే కొంటుంది. అగ్గితెగులు వస్తుంది, ఎండాకు తెగులు వస్తుంది, మానేయండి అని మీరే ఎన్నిసార్లు చెప్పినా రైతు సాంబ మసూరిని మానలేదు, తినేవాళ్లు మానలేదు కాబట్టి. ఆ పట్టుదల చూసే కాబోలు మీరే మళ్లీ దానికి ఎండాకు తెగులు తట్టుకునే జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరి తెచ్చారు. అన్నం రుచి ముట్టుకోకుండా రోగం ఒక్కటే తగ్గించారు చూడండి, అది మా మాట విన్న పరిశోధన. అడగకపోయినా విన్నారు. ఇక అడిగి వినడం మొదలుపెట్టమంటున్నాను.

రెండోది మన ఆదిలాబాద్ పక్కనే ఉన్న చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే కథ. మూడో తరగతి చదివిన ఆయన 1983లో తన మడిలో పటేల్ 3 అనే వరి మధ్య వేరుగా కనబడిన కొన్ని వెన్నులను ఏరి, ఏళ్ల తరబడి వేరుగా వేసుకుంటూ సన్నబియ్యం రకం తయారు చేశాడు. అప్పట్లో అందరూ కట్టుకునే చేతి గడియారం పేరు పెట్టారు, హెచ్ఎంటీ. తెలంగాణ పెళ్లిళ్లలో వడ్డించే అన్నంలో ఎంత భాగం ఆ పేరు మీద ఉందో చెప్పక్కర్లేదు. 1990లలో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని శుద్ధి చేసి పీకేవీ-హెచ్ఎంటీ అని విడుదల చేసింది. తనకు రావాల్సిన పేరు రాలేదనే బాధతోనే ఆయన 2018లో పోయాడు. అవార్డులు ఇచ్చారులెండి. శాలువా కప్పడం మనకు బాగా వచ్చిన విద్య.

ఏరడం మాకు వచ్చు అనడానికి ఇక్కడి కథలే కావాలని లేదు. ఆఫ్రికాలో రువాండా అనే చిన్న దేశంలో చిక్కుడు ఆడవాళ్ల పంట, ఒక్కో చేలో ఎన్నో రకాల గింజలు కలిపి వేస్తారు. 1980ల చివర్లో లూయిస్ స్పెర్లింగ్ అనే పరిశోధకురాలు, అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి, విత్తనాల్లో అనుభవం ఉన్న ఆడవాళ్లను పల్లెల నుంచి స్టేషన్‌కు పిలిపించింది. విడుదలకు చాలా ముందే, ఇంకా ఎన్నో వరుసలు మిగిలి ఉన్నప్పుడే, మీకు నచ్చినవి ఏరుకోండి అన్నారు. వాళ్లు ఏరిన రకాలు వాళ్ల ఊళ్లలో స్థానిక విత్తనాన్ని దాటినన్ని సార్లు, శాస్త్రవేత్తలు ఏరినవి దాటలేదు. మన దేశంలోనే గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ గిరిజన రైతులకు ఒడిశాలో విడుదలైన కళింగ 3 వరిని ఇచ్చి చూస్తే ఎగబడి తీసుకున్నారు, ఆ రాష్ట్రాల సిఫారసు జాబితాలో అది లేదు. తర్వాత ఆ కళింగ 3ని ఐఆర్ 64 అనే వరితో కలిపి, రైతులకు ఏం కావాలో ముందే తెలుసుకుని, జార్ఖండ్ మెట్టలకు అశోక 200ఎఫ్, అశోక 228 అనే రకాలు చేశారు. రాంచీలోని బిర్సా విశ్వవిద్యాలయం అందులో ఉంది. మీ సోదర విశ్వవిద్యాలయమే, వేరే గ్రహం కాదు. ఇక్రిశాట్ కూడా 1990 ప్రాంతంలో మన తెలుగు పల్లెల ఆడవాళ్లతోనే కంది రకాలు పరీక్షింపజేసింది. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో జరిగిన ప్రజాతీర్పులో జ్యూరీగా కూర్చున్నవాళ్లు ఎక్కువగా సన్నకారు రైతు ఆడవాళ్లు, దళితులు. రాష్ట్ర వ్యవసాయం ఎటు పోవాలో సాక్షులను పిలిపించుకుని విని, ప్రశ్నలడిగి తీర్పు చెప్పారు. చేతనవదు అనే మాట కాబట్టి ఎవరూ అనకండి.

ఇప్పుడు మీ అభ్యంతరాలు. రైతు కంటికి కనబడనివి చాలా ఉంటాయి అంటారు. పూర్తిగా ఒప్పుకుంటాను. 2000 ఖరీఫ్‌లో మా జిల్లాలో బుడ్డల చెట్లు మొవ్వు నుంచి మాడుకుంటూ వచ్చి చేలకు చేలు పోయినప్పుడు మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు, ఎవరికి తోచిన మందు వాళ్లు కొట్టుకున్నాం. అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని, గట్ల మీద వయ్యారిభామ పుప్పొడిలో ఉండి తామరపురుగుల వల్ల చెట్టుకు ఎక్కుతోందని కనిపెట్టింది శాస్త్రవేత్తలే. బుడ్డల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందో లేదో మా అత్త వేళ్లకూ తెలియదు, నా నాలుకకూ తెలియదు. అది మీ పని, మీరే చేయాలి, మా మీద వదిలేస్తే ఒప్పుకోం. మేము అడిగేది మీరు జబ్బు పరీక్షలు, విషం పరీక్షలు చేసి పాసైనవాటిని తీసుకొచ్చినప్పుడు, అవి వంద ఉంటే వందా మా ముందు పెట్టమని. రెండు మిగిల్చి తెస్తే అది ఎంపిక అనిపించుకోదు.

రైతుల అభిప్రాయాన్ని అంకెల్లో పెట్టడం కష్టం, గణాంకాలకు నిలవదు అనేది ఇంకో మాట. ట్రైకాట్ అనే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఒక్కో రైతుకు మూడే మూడు చిన్న ప్యాకెట్లు, పేర్లు లేకుండా ఏ, బీ, సీ అని మాత్రమే రాసి ఇస్తారు. ఏది అన్నిటికన్నా మేలు, ఏది అన్నిటికన్నా తక్కువ, అంతే అడుగుతారు. అలా వందల మంది చెప్పినదాన్ని కలిపి లెక్క కడతారు. బీహార్‌లో గోధుమ మీద, ఇథియోపియాలో, నికరాగువాలో చేశారు, మూడు చోట్లా కలిపి 12 వేల పైచిలుకు మడుల ఫలితాలు 2019లో పెద్ద పత్రికలో అచ్చయ్యాయి. చదువు రాని మనిషి కూడా చెప్పగలిగే ప్రశ్న అది. ఒక సెల్‌ఫోన్, ఒక ఓపికున్న పిల్ల చాలు ఊరికి.

టైమ్ పడుతుంది అంటారా, పదేళ్లు పట్టించి విడుదల చేసిన రకం మూలన పడితే పోయే టైమ్ సంగతేంటి? విడుదలైనవాటిలో ఎన్ని నిజంగా చేలల్లో ఉన్నాయో మీ ఆఫీసుల్లో ఉన్నవాళ్లకే బాగా తెలుసు.

ఏం చేయాలో కూడా చెప్పి ముగిస్తాను, ఊరికే తిట్టిపోసినట్టు ఉండకూడదు. విడుదల కమిటీకి పంపే ప్రతిపాదనలో దిగుబడి పట్టిక, తెగుళ్ల పట్టిక ఉన్నట్టే రైతుల మార్కుల పట్టిక ఒకటి తప్పనిసరి చేయండి. మగవాళ్లవి వేరుగా, ఆడవాళ్లవి వేరుగా. రెండింటి మధ్య తేడా ఉంటే సగటు తీసి కలిపేయకండి, ఆ తేడా ఎందుకో రాయండి, అసలు విషయం అక్కడే ఉంటుంది. వండి చూసిన ఫలితం, పశువుకు మేపిన ఫలితం అదే కాగితంలో ఉండాలి. ఇది నియమం కాకపోతే ఏ శాస్త్రవేత్తా చేయడు, ఎందుకంటే ఆయన ప్రమోషన్ విడుదల చేసిన రకాల సంఖ్య మీద, పేపర్ల మీద ఉంటుంది. మా ఊరి చెట్టు కింద కూర్చుని బుడ్డలు ఒలిచి చూసినందుకు ఆయనకు ఎవరూ మార్కులు వేయరు. వేయండి, వస్తారు. మనసున్నవాళ్లు ఇప్పుడూ వస్తున్నారు, సొంత బండి మీద, సొంత పెట్రోలుతో. వాళ్లెవరో మాకు తెలుసు.

రైతులను ఎంచుకునేటప్పుడు పట్టాదారు పాస్‌బుక్ అడగకండి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలు నడిపేవాళ్లలో ఆడవాళ్లు సుమారు 14 శాతమే. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది మాత్రం చేలల్లోనే ఉన్నారు. పాస్‌బుక్ అడిగిన మరుక్షణం మేమంతా లిస్టులోంచి పోతాం, మీరు ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తుతాడు, "నేనొస్తా సార్" అంటాడు, వచ్చేస్తాడు. డ్వాక్రా సంఘాల ద్వారా పిలవండి. పిలిచిన రోజుకు కూలీ కట్టివ్వండి, ఎందుకంటే ఆ రోజు మేము మానుకున్నది నిజమైన కూలీ. మీ లాబ్ అసిస్టెంట్ ఉచితంగా పనిచేయడు కదా. చంటిపిల్లల తల్లులు వస్తారు, నీడ, నీళ్లు, బాత్రూమ్ చూడండి. మీటింగు ఆడవాళ్లకు వేరుగా పెట్టండి, మగవాళ్ల ముందు మా అత్త లాంటివాళ్లు "ఆయనకే తెలుసు" అంటారు, ఆయనకు తెలియదని ఆమెకు బాగా తెలిసి కూడా.

మేము ఏరినదాని విత్తనం మాకు దక్కాలి. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ మాకు విత్తనం దాచుకునే, వేసుకునే, మార్చుకునే, బ్రాండ్ లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది, రైతు పెంచిన రకాన్ని రైతు పేరున రిజిస్టర్ చేసుకోవచ్చని కూడా చెప్పింది. మరి మీ రకం తయారీలో ఏరివేత మా చేత్తో జరిగితే ప్రతిపాదనలో ఆ ఊరి పేరు, ఆ సంఘం పేరు ఉండాలి, రేపు లాభం పంచే మాట వస్తే అందులోనూ ఉండాలి. మసూరి కూలీకి జరిగింది ఇంకొకరికి జరగనివ్వం. బుడ్డల విత్తనం ఎకరానికి బోలెడు కావాలి, ఏడాదికి పది రెట్లకు మించి పెరగదు, కంపెనీలకు ఇందులో పెద్దగా లాభం లేదు. ఊళ్లోనే సంఘాల చేత విత్తనం పెంచించకపోతే ఎంత మంచి రకమైనా మీ గోదాములోనే ఉంటుంది, సబ్సిడీ సంచిలో ఏది వస్తే అదే మా చేలో ఉంటుంది. ఐసీజీవీ 91114 అంత బాగుందని చెప్పుకున్నా చాలా ఊళ్లకు చేరకపోవడానికి విత్తనం చాలకపోవడం ఒక పెద్ద కారణం.

జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఎడ్లబండ్ల మీద పాత పంటల విత్తనాలు పెట్టుకుని ఊరూరా జాతర చేస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. ఆ జాతరకు అతిథిగా పోవడం సులువు. ఆ అమ్మలను మీ బ్రీడింగ్ ప్లాటుకు పిలిచి, ఎర్ర రిబ్బన్లు చేతికిచ్చి, నచ్చిన మొక్కకు కట్టండమ్మా అనడానికి మాత్రం ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వు ఇవ్వగలిగినవాళ్లు ఈ లేఖ పైన పేర్కొన్నవాళ్లే.

మా వైపు నుంచి మాట ఇస్తున్నాను. మా సంఘంలో అడిగాను, అరెకరం చొప్పున చేను ఇవ్వడానికి నలుగురు ఒప్పుకున్నారు. ఆ అరెకరంలో పంట తగ్గితే నష్టం ఎవరు భరిస్తారని కూడా అడిగారు, దానికి జవాబు మీరే చెప్పాలి, రాసి చెబితే ఇంకా మంచిది. రావాలనుకుంటే మే నెలలో రండి, ఒలిచే పని అప్పుడే నడుస్తుంటుంది, కాయలు తెచ్చుకుంటే అక్కడికక్కడే తేలుతుంది. జూన్‌లో చినుకు పడ్డాక ఎవరికీ తీరిక ఉండదు. మళ్లీ అక్టోబరులో, చెట్లు పీకే వారంలో, మీరు ఇంకా ఏ వరుసనూ కొట్టేయకముందు మమ్మల్ని మీ స్టేషన్‌కు పిలవండి. బస్సు మీరు పెట్టండి, సద్ది మేము తెచ్చుకుంటాం. శుక్రవారం మాత్రం వద్దు, మాకు సంత.

ఇట్లు,
ఒక బుడ్డల రైతు
అనంతపురం మెట్ట నుంచి